బెరడు కప్పు కింది మూడు గుమ్ములు

కడుపు నింపిన చేతులకు ఖాళీ చేతులతో కృతజ్ఞత చెప్పడం చెల్లుతుందా? ఆ శీతకాలమంతా కరొన్హియో తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇదే. ఉత్తర అమెరికా అడవుల్లోని తమ మొహాక్ తెగ పల్లెను పరాయి సైన్యం తగులబెట్టిన నాడు, దూరాన ఉన్న ఒనైడా తెగవారు వారిని తమ పొడుగిళ్ళలోకి పిలిచారు. ఎల్మ్ చెట్టు బెరడు కప్పిన ఆ ఇళ్ళలో ఒక్కొక్క పొయ్యికి ఇటొక కుటుంబం, అటొక కుటుంబం కాపురముండేది. వచ్చినవారికోసం ప్రతి పొయ్యి దగ్గరా మరొక కుటుంబానికి చోటు చేశారు. తిండిగింజలు నిండుకున్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా, విత్తనానికి దాచుకున్న మొక్కజొన్ననే దంచి వండిపెట్టారు. ఇప్పుడు మంచు కరుగుతున్నది. విత్తే వేళ దగ్గరపడింది. ఊరు మొత్తం వెదికినా విత్తు లేదు.

ఆఖరి పిండి గీకి తీసిన ఉదయాన అతని అక్క ఒనెరా, తల్లి వదిలిపోయిన బెరడు పళ్ళెం కడుగుతూ కేక వేసింది.

“తమ్ముడూ, ఇలా రా! ఇవి పగుళ్ళా, గీతలా?”

ఇన్నాళ్ళూ పిండి అంటుకుని కనబడని అడుగున, ముల్లుతో గీసిన వంకర ఏరు ఉన్నది. ఏటి పక్కన రెండు కొండలు, వాటి నడుమ మూడు సున్నలు, సున్నల మీద ఇంటి కప్పులాంటి గీత. తల్లి పారిపోయి వస్తున్న దారిలోనే కన్నుమూసింది. సైన్యం రాకముందు ఆమె ఒంటరిగా ఎక్కడికి వెళ్ళివచ్చిందో ఎవరికీ తెలియదు.

వారి మేనమామ తెహొరోన్ పళ్ళెం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

“మా అక్క గుసగుసలాడితే పక్క ఊరికి వినబడేది. అలాంటి మనిషి ఇంత గుట్టు దాచిందా!” అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. “ఉరుముల లోయరా అల్లుడూ ఇది. మన కాలిన పల్లెకు కూతవేటు దూరం. మూడు గుమ్ముల విత్తనం దాచి ఉంటుంది.”

ముగ్గురూ ఆ రోజే బెరడు దోనె ఎక్కారు. కరిగిన మంచుతో ఏరు బలిసి, దోనెను ఆకులా ఊపింది. ఎదురీత తెడ్లతో సాగనిచోట గడకర్రలతో నెట్టారు. కొన్నిచోట్ల దిగి మోశారు. చివరకు రెండు కొండల నడుమ, నీటి అంచున, నల్లని గుహ నోరు కనిపించింది. దోనెను రాతికి కట్టి కాగడాతో లోపల అడుగుపెట్టగానే ఒనెరా ఆగిపోయింది.

అది గుహలా లేదు, ఇల్లులా ఉన్నది. గోడ వెంట అరుగులాగా కర్రలు పరిచి ఉన్నాయి. వాటిమీద మూడు బెరడు గుమ్ములు వరుసగా నిలబడి ఉన్నాయి. పైన కారే చుక్క లోపల పడకుండా, ఎత్తైన ఎల్మ్ చెట్టునుండి ఒలిచిన ఒకే పెద్ద పట్ట కప్పి ఉన్నది. ఒనెరా ఒక మూత తీసి చెయ్యి పెట్టింది. గింజలు పొడిగా, గలగలమంటూ వేళ్ళ మధ్యనుంచి జారాయి.

“అమ్మ వీటికి ఇల్లు కట్టింది,” అన్నాడు కరొన్హియో.

ఏ పనికైనా ముందు కృతజ్ఞతలు చెప్పడం వారి ఆచారం. తెహొరోన్ చేతులు చాచి మొదలుపెట్టాడు. మనుషులకు, నేలకు చెప్పి నీటికి వచ్చేసరికి బయట కొండ విరిగిపడినట్టు చప్పుడైంది. నీటి నాలుక గుహలోకి దూసుకొచ్చి మోకాళ్ళను కొట్టింది.

“మామయ్యా, నీళ్ళకు దండాలు తరవాత పెడదాం!” అని అరిచింది ఒనెరా. “అవే వచ్చి తీసుకుంటున్నాయి!”

కరొన్హియో గుహ నోటిదగ్గరకు పరుగెత్తాడు. దోనె లేదు. తెగిన తాడు మాత్రం రాతికి వేలాడుతున్నది. పైన కొండల్లో ఎక్కడో వాన పడ్డదని ఎర్రని నీరే చెబుతున్నది. ఈదుదామంటే ఆ వడిలో మనిషే నిలవడు, ఇక గుమ్ములేమి నిలుస్తాయి?

అతని చూపు పైకి పోయింది, తల్లి కప్పిన పట్టమీదికి. దోనె చేసుకోవడానికి దాన్ని తీస్తే చుక్క గింజలమీద పడుతుంది. తియ్యకపోతే ఏరే గుమ్ములదాకా వస్తుంది. అమ్మ కట్టిన ఇంటిని విప్పడానికి అతనికి చేతులు రాలేదు.

“ఏం చూస్తావురా?” గద్దించాడు తెహొరోన్. “కప్పైనా దోనైనా ఆ చెట్టు పట్టే కదా! లాగు!”

పట్టను దించారు. అరుగు కర్రల్లో కొన్నిటితో ఎత్తైన బండమీద నిప్పు రాజేసి, రాళ్ళు కాల్చి, మూలనున్న బెరడు తొట్టిలో వేసి నీరు మరిగించి పట్టమీద పోశారు. గుహ తేమలో ఉన్న పట్ట మెత్తబడి వంగింది. గరుకు పక్క బయటికి వచ్చేట్టు మడిచి, కొసలు నారతో కుట్టి, సందుల్లో నాచూ బంకమన్నూ కూరారు. నడుమ వంచిన కర్రలు ఇరికించారు. అందం లేదు, కానీ తేలింది.

గుమ్ములు ఎక్కించారు. ఒనెరా, మేనమామ కూర్చోగానే నీరు అంచుకు వేలెడు దూరంలోకి వచ్చింది. కరొన్హియో కాలు పెట్టబోయి తీసేశాడు.

“ఎక్కు!” అన్నది అక్క.

“ఎక్కితే ముగ్గురమూ, మూడు గుమ్ములూ మునుగుతాం.”

“అయితే ఒక గుమ్మి దింపుతా.”

“ఆ గుమ్మి మనల్ని సాకినవాళ్ళదక్కా.”

అతను తల ఎత్తాడు. ఇంత మంట మండినా గుహలో పొగ నిండలేదు. అది తిన్నగా ఒక మూలకు పోయి రాతి చీలికలోకి జారిపోతున్నది. పొడుగింట్లో పొయ్యికి నెత్తిన కన్నం ఉన్నట్టే. గాలి ఆడి గింజ పొడిగా నిలుస్తుందనే తల్లి ఈ గుహను ఏరిందని అతనికి అప్పుడు అర్థమైంది. మనసులోనే ఆమెకు నమస్కరించి, దోనెను బలంగా నెట్టి, పొగ వెళ్ళిన దారిన పాకసాగాడు.

చీలిక భుజాలను ఒరుసుకుంటున్నది. పొగకు కళ్ళు మండుతున్నాయి. ఒకసారి కాలు జారి, మోచేతులతో రాతిని పట్టుకుని వేలాడాడు. కింద నీరు నిప్పును మింగిన బుస్సుమన్న చప్పుడు వినబడింది. మరికొంత పాకేసరికి వేళ్ళకు గడ్డి తగిలింది. బయటపడి, బోర్లాపడి, అంచునుంచి తొంగిచూశాడు. దోనె లోయలోంచి గిరగిరా తిరుగుతూ వస్తున్నది.

“ఎడమకు! మామయ్యా, బండ! ఎడమకు!”

మేనమామ గడగా పట్టిన అరుగు కర్ర బండను తాకింది. దోనె ఒరిగి, గుక్కెడు ఏరు తాగి, మళ్ళీ నిలబడింది. అతను వాలు వెంట దొర్లుతూ దిగి, నడుములోతు నీటిలోకి దూకి, దాని ముక్కు పట్టి గట్టుకు లాగాడు. అక్క అతని చెంప ఛెళ్ళుమనిపించి, ఆ వెంటనే మెడ కౌగిలించుకున్నది.

రెండు గుమ్ములు పొడిగా ఉన్నాయి. మూడోది తడిసిపోయింది. ఒనెరా గింజ ఒకటి గోటితో నొక్కి చూసింది.

“ఇవి నానిపోయాయి. ఒనైడా ఊరు చేరేలోగా పులుస్తాయి. విత్తితే నేడే విత్తాలి.”

వారు నిలబడ్డ గట్టు పైనే కాలిన తమ పల్లె ఉన్నది. మసిబారిన నిట్రాటలు, వాటి అవతల నిరుడు మొక్కజొన్న నాటిన మట్టి దిబ్బలు. సైన్యం వెళ్ళాక అక్కడ కాలు మోపే ధైర్యం ఎవరూ చేయలేదు.

“విత్తితే కాపలా ఉండాలి,” అన్నాడు తెహొరోన్ మెల్లగా. “ఉండాలంటే ఇల్లు కావాలి. అంటే తిరిగి వచ్చేసినట్టే. ఆలోచించుకోండి.”

“పొడివి రెండూ నువ్వు తీసుకెళ్ళు మామయ్యా,” అన్నది ఒనెరా. “ఒనైడా పొడుగింటి పెద్దమ్మ ముందు దించి, మా ఊరు మీకు చెప్పే కృతజ్ఞత ఇది అని చెప్పు. ఈ దిబ్బలన్నిటికీ నేనొక్కదాన్నే చాలాలి మరి.”

విత్తడం ఆడవారి పని. మగవాడు ఆ పని ముట్టుకుంటే ఊరు నవ్వుతుంది. కరొన్హియో దిబ్బలవంక చూశాడు. సైన్యం మళ్ళీ రావచ్చు, రాకపోనూవచ్చు. గింజ మాత్రం రేపటిదాకా ఆగదు. గట్టున ఒక ఎండుకొమ్మ విరిచి, కొస చెక్కి, తవ్వుకోల చేసుకున్నాడు.

“ఒరేయ్, మగాడు విత్తితే కంకికి మీసాలొస్తాయిరా!” అన్నాడు మేనమామ, దోనెలోంచి నీరు తోడుతూ.

“మొక్కజొన్న కంకికి ఎలాగూ మీసాలే కదా మామయ్యా.”

అతను మొదటి దిబ్బ ఎక్కి తవ్వుకోలను నేలలో దింపాడు. మసి కింద మట్టి మెత్తగా ఉన్నది. ఒనెరా వంగి ఆ గుంటలో గింజలు వేసింది. అతను కాలితో మట్టి కప్పి, పక్క దిబ్బకు నడిచాడు.