పదిహేనో పేజీ

“ఇవేంటమ్మా?”

భోజనాల బల్ల మీద కూతురు ఒక్కొక్కటిగా పేర్చిన కాగితాల కట్టలు ఏడు! ఒక్కో కట్టలో పదహారేసి పేజీలు. తెల్లదారంతో అడ్డంగా కట్టి, పైన చిన్న చీటీ అంటించి ఉన్నాయి. ఆ ముడి ఎవరి చేతిదో ఆ ఇంట్లో వేరే చెప్పనక్కర్లేదు. తల్లి ఇంకా చెప్పులైనా విప్పలేదు. పని మధ్యలో సెలవడిగి, దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూ, కూతుర్ని నాలుగు దులిపేద్దామని ఇంటికి వచ్చిన మనిషి ఆమె! ఆ ఉదయమే నర్సుల ట్రైనింగు సెంటరు నుంచి ఆమె పనిచేసే బైండింగు షాపుకి ఫోను వచ్చింది. ‘మీ అమ్మాయి రెండు నెలలుగా రావడం లేదు, పేరు కొట్టేయమంటారా?’ అని. రెండు నెలలు! రోజూ యూనిఫాం ఇస్త్రీ చేసిచ్చి, డబ్బా సర్ది, నెత్తిన చేయి పెట్టి ప్రార్థన చేసి మరీ పంపిందే... మరి ఆ పిల్ల రోజూ ఎక్కడికి వెళ్ళినట్టు?

“నన్నడుగుతావేమే! ముందు నువ్వు చెప్పు. రెండు నెలలు నా కళ్ళుగప్పి ఎక్కడ తిరిగావు?”

“లైబ్రరీలో కూర్చున్నాను,” అంది కూతురు. ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. పంతొమ్మిదేళ్ళు వచ్చినా గొంతు ఇంకా అంతే సన్నం. “అక్కడ నా పుస్తకాలన్నీ ఉన్నాయమ్మా. ఒక్క పేజీ కూడా పోకుండా ఉన్నాయి. మనింట్లోవాటికే ఎందుకు పోయాయా అనుకున్నాను. ఇవాళ సర్టిఫికెట్ కోసం నీ ట్రంకుపెట్టె తీస్తే తెలిసింది. అబద్ధమా? నేను రెండు నెలలు ఆడాను. నువ్వు పదకొండేళ్ళు ఆడావు!”

పిచ్చుక సంచీలో రెండు జతల బట్టలు కుక్కుకుని మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు గట్టిగా వేసి ఉంటే తల్లికి ఒక విధంగా బాగుండేది. మెల్లగా, చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వెళ్ళింది...

ఆ పదకొండేళ్ళ సంగతి చెప్పాలంటే తల్లి పని గురించి చెప్పాలి. ఆమె పుస్తకాలు కుట్టే మనిషి. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి మడిస్తే అది ఒక ఫారం. అలాంటి ఫారాలు వరసగా పేర్చి, వీపు వైపు సూదితో కుట్టి, జిగురు పూసి అట్ట వేస్తే పుస్తకం. ఇరవై రెండేళ్ళుగా వేల పుస్తకాలు కుట్టింది గానీ, దేవుని వాక్యం తప్ప ఇంకొకటి చదివి ఎరగదు. మిఠాయి చేసేవాడికి మిఠాయి మీద మోజు ఉండదంటారు చూడండి, అలాగ! లైబ్రరీవాళ్ళు చిరిగిపోయాయని వదిలేసిన కథల పుస్తకాలను మాత్రం యజమానిని అడిగి ఇంటికి తెచ్చేది. కూతురికి పుస్తకమంటే ప్రాణం మరి! కిటికీ దగ్గర కూర్చుని, పాత కుట్లు విప్పి, కొత్తగా కుట్టి, పాత చీరల అంచులు వీపుకి అతికించి ఇచ్చేది. ఆ కుట్టేటప్పుడు ఏదో ఒక వాక్యం కంటబడేది. ఒక దొంగతనం, ఒక బూతు తిట్టు, ఇల్లు విడిచిన ఒక ఆడమనిషి... అమ్మో, నా బిడ్డ కంట పడకూడదు! ఒక్క పేజీ చింపితే దాని జోడు పేజీ వదులై ఊడివస్తుంది. అందుకని ఫారం మొత్తం తీసేసేది. ‘పాత పుస్తకం కదే, ఆ కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి,’ అనేది. చిన్నపిల్ల నమ్మేది. తీసినవి పారేయడానికి మాత్రం తల్లికి చేతులు రాలేదు. కాగితం మీద బతికే మనిషి కాగితాన్ని చెత్తలో ఎలా వేస్తుంది?

సాయంత్రం ఇంటికి వచ్చిన భర్త బల్ల మీది కట్టలను అటూ ఇటూ తిప్పి చూశాడు. సిటీ బస్సు డ్రైవరు, గట్టిగా కోప్పడడం చేతకాని మనిషి.

“పదకొండేళ్ళుగా కథలకి ఆపరేషన్లు చేస్తున్నావన్నమాట! కుట్లు మాత్రం కనబడకుండా వేశావే.”

“మీకు ఎగతాళిగా ఉందా? బిడ్డ మంచికే కదండీ చేశాను!”

“మంచికే చేశావు, ఎవరు కాదన్నారు? కానీ వీటిల్లో ఏముందో నువ్వు చదివావా?”

లేదు... చదవలేదు! ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగిపోయింది. సరే, ఎక్కడివక్కడ పెట్టి కుట్టేసి, పిల్ల చేతిలో పెట్టి కాళ్ళావేళ్ళా పడదామనుకుంది. మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర సూదీ దారం పట్టుకుని కూర్చుంది. మొదటి ఫారం ఎక్కడ పెట్టాలో చూడడానికని ముందున్న పేజీ చదివింది. ఆ పేజీతో ఆగలేదు. తర్వాతదానితోనూ ఆగలేదు. పొయ్యి మీది పాలు పొంగిపోయి వాసన వస్తున్నా ఆమెకు తెలియలేదు!

మొదటిది ఆకాశం గురించి పిల్లలకు రాసిన పుస్తకం. ‘సృష్టి గురించి వంకర మాటలు’ అని చీటీ మీద తన రాతే. ఏమిటా వంకర మాటలు? నక్షత్రాలు ఎంత దూరాన ఉన్నాయో చెప్పారు, అంతే! మన కంటికి కనబడే వెలుగుల్లో కొన్ని మన ముత్తవ్వ పుట్టకముందే బయలుదేరినవట... ఆ సాయంత్రం బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్ళి, తడి ఆరని దుప్పటి భుజాన వేసుకుని, అప్పుడే పొడిచిన చుక్కను చూస్తూ ఉండిపోయింది. ఇంత దూరం నడిచొచ్చిందా, బట్టలు తీసుకునే ఒక ఆడదాని కంట్లో పడడానికి! “ప్రభువా! నీ చేతిపని ఇంతదా? నిన్ను నేను మా వంటింటి అలమరలో సర్దేశానే!” అని పైకే అనేసింది. పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూసి “ఎవరితో మాట్లాడుతున్నారు?” అంటే, సిగ్గుపడి “పెద్దాయనతో” అంది.

రెండోది సముద్రం ఒడ్డున దీపస్తంభం కాసే ఒక ముసలాయన కథ. కొడుకు నీళ్ళల్లో పోతాడు. ఆయన రాతి మీద నిలబడి దేవుణ్ణి తిడతాడు. చీటీ మీద ‘దైవదూషణ’ అని ఉంది. అక్కడే, రెండో పేజీలోనే, ఆమె ఆరేళ్ళ కిందట చదవడం ఆపి కత్తిరించింది. ఇప్పుడు ముందుకు వెళ్ళింది. ఆయన ఎనిమిది పేజీలు తిట్టాడు, కానీ ఒక్క రోజు కూడా దీపం ఆరనివ్వలేదు! చివరికి, ‘నువ్వు వింటున్నావని నమ్మబట్టే కదయ్యా ఇన్నాళ్ళూ తిట్టాను,’ అంటాడు. ఆ మాట దగ్గర తల్లి పుస్తకం మూసేసి కొంగు నోట్లో కుక్కుకుంది. పిచ్చుకకు ముందు ఆమెకు ఒక బిడ్డ పుట్టి మూడు నెలలకే పోయింది. ఆ తరువాతి ఆదివారమే చర్చిలో నిలబడి పాట పాడింది. ఎంత విశ్వాసం అని అందరూ మెచ్చుకున్నారు. ‘ఎందుకు తీసుకున్నావు?’ అని ఒక్కసారైనా దేవుణ్ణి అడగలేదు, భయం! ఆ రోజు ఇరవై ఒక్కేళ్ళ తరువాత అడిగింది. ఏడ్చి, కోప్పడి, అరిచి అడిగింది. జవాబేమీ రాలేదు గానీ, ఎవరో పక్కనే కూర్చుని అంతా విన్నట్టు అనిపించింది. లేచి ముఖం కడుక్కుని పనికి వెళ్ళింది.

ఇలా తొమ్మిది రోజులు! షాపులో టీ వేళ జిగురు గిన్నె పక్కన పెట్టుకుని చదివింది. ఆగిన బస్సులో చదివింది. తోటి పనివాళ్ళు నవ్వారు. “ఏంటక్కా, ఇన్నేళ్ళకి మిఠాయి రుచి తెలిసిందా?” అంటే, “తెలిసిందమ్మా, ఇన్నాళ్ళు కట్టుకున్న కడుపు తిడుతోంది,” అంది.

చివరిది ఒక పనిపిల్ల కథ. ఇంటి అమ్మగారి ఉంగరం దొంగిలిస్తుంది. ఆ కట్ట విప్పే ముందు పిచ్చుక గదిలో అలమర సర్దుతుంటే పుస్తకాల వెనక ఒక నోటుబుక్కు దొరికింది. తన దారంతోనే, చిన్నపిల్లల వంకర కుట్లతో కుట్టి ఉంది. తెరిచి చూసింది. ఊడిపోయిన కాగితాల్లో ఏం జరిగి ఉంటుందో ఊహించి, ఎనిమిదేళ్ళ వయసు నుంచీ పిచ్చుక రాసుకున్న కథలు! ముసలాయన ఎక్కడికో వెళ్ళిపోయాడు, మళ్ళీ కనబడలేదు. ఇల్లు విడిచినామె మళ్ళీ కనబడలేదు. ఇక పనిపిల్ల కథ పద్నాలుగేళ్ళప్పుడు రాసినట్టుంది, అక్షరాలు కుదురుగా ఉన్నాయి. పుస్తకంలో మిగిలిన కథ ఆ పిల్ల ఉంగరం మీద కన్నువేయడం దగ్గరే ఆగిపోయింది మరి. ‘ఉంగరం తీసిన సంగతి తెలిసిపోయింది. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. అమ్మగారు ఆ గది కడిగించి ఇంకొకరికి ఇచ్చింది. ఆ పిల్ల పేరు ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.’

తల్లి గబగబా అసలు ఫారం విప్పింది. మూడో పేజీలో దొంగతనం. పదిహేనో పేజీలో... పదిహేనో పేజీలో అమ్మగారు ఆ పిల్ల ముందు టీ కప్పు పెట్టి అంటుంది: ‘పోయిన రోజే నాకు తెలుసు. నువ్వే చెప్తావని చూస్తున్నాను. పోయింది ఉంగరమే, నువ్వు పోలేదు కదా. కూర్చో.’

అయ్యో, ఎంత పని చేశాను! తప్పూ, తిరిగి రావడమూ ఒకే ఫారంలో ఉన్నాయి. ఒకటి తీస్తే రెండోది కూడా పోతుందని బైండింగు చేసే నాకే తెలియలేదా! దేవుని గ్రంథాన్నే నా చేతికి ఇచ్చి ఉంటే ఏం చేసేదాన్ని? గురువును ఎరగనని బొంకిన శిష్యుణ్ణి తీసేసేదాన్ని. ఆస్తంతా తగలేసి పందుల మేతకు ఆశపడ్డ కొడుకును తీసేసేదాన్ని. అప్పుడు, కొడుకు తిరిగి వస్తుంటే వాకిట్లోంచి ఎదురు పరుగెత్తిన ఆ తండ్రి కూడా పోయేవాడు కదా! దేవుడు ఒక్క పేజీ కూడా తీయలేదు. అంత పెద్ద గ్రంథంలో అంతమంది తప్పులను పేర్లతో సహా ఉంచాడు, వాళ్ళ పక్కనే తానూ ఉన్నాడు... ఎంత గొప్పవాడివయ్యా! ఆమె నేల మీద మోకరించి చాలాసేపు లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఏడు పుస్తకాలనూ సంచీలో పెట్టుకుని ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. ఆమెది ఇస్త్రీ షాపు. ముందు గదిలో ఇస్త్రీ పెట్టె, వెనక గదిలో కాపురం.

“వచ్చావా! దానికి అన్నం సయించడం లేదు, నీకు ముఖం పీక్కుపోయింది. ఇద్దరూ ఇద్దరే!” అంది వదిన, చొక్కా కాలరు తిప్పుతూ. “లోపలుంది, వెళ్ళు.”

పిచ్చుక దుప్పట్లు మడతపెడుతోంది. తలెత్తలేదు. తల్లి ఏ ఉపోద్ఘాతమూ లేకుండా నేల మీద కూర్చుని, చివరి పుస్తకం తెరిచి, కుట్టకుండా ఉంచిన ఫారం చేతికిచ్చింది.

“పదిహేనో పేజీ చదవవే.”

లైబ్రరీలో చదివిన పేజీయే అయినా పిచ్చుక మళ్ళీ చదివింది. ఇంకోసారి చదివింది. “ఇది... నువ్వు తీసేసినప్పుడు నీకు తెలుసా అమ్మా?”

“తెలియదే తల్లీ! మూడో పేజీ దగ్గరే ఆపేశాను. నాదే తప్పు. నీ నోటుబుక్కు కూడా చూశాను... రెండు నెలలు నాకెందుకు చెప్పలేదో నేనిప్పుడు అడగను. చెప్పడానికి దారే లేకుండా చేసినదాన్ని నేనే!”

పిచ్చుక తల్లి పక్కనే కూలబడింది. “మొదటిసారి ఒక ముసలావిడకు సూది వేయమన్నారమ్మా. చేయి వణికింది. నరం దొరకలేదు. రక్తం వచ్చి ఆవిడ ‘అమ్మా’ అని ఏడ్చింది. హెడ్ నర్సు అందరి ముందూ తిట్టింది. నేను పారిపోయాను. నీకు చెబుదామని రోజూ అనుకునేదాన్ని. కానీ... చెప్తే నన్ను కూడా తీసేస్తావనుకున్నాను. ఇక్కడ నేనొకదాన్ని ఉండేదాన్నని కూడా తెలియకుండా కుట్టేస్తావనుకున్నాను!”

“నా తల్లీ! నా బంగారు తల్లీ!”

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపుకి ముందు గదిలో ఎవరిదో చొక్కా చేయి మాడి వాసన వచ్చింది. వదిన కూడా గుమ్మం దగ్గర నిలబడి కళ్ళొత్తుకుంటోంది మరి!

కాసేపటికి తల్లి కళ్ళు తుడుచుకుని సంచీలోంచి సూదీ దారం తీసింది. “ఇది నేను కుట్టను. నువ్వు కుట్టు.”

“నా చేయి వణుకుతుందమ్మా... నీ పుస్తకం పాడవుతుంది.”

“వణకనీ! మొదటి ఏడాది నేను ఎన్ని పుస్తకాలు పాడుచేశానో మా యజమానిని అడుగు. ఎన్నిసార్లు పొడుచుకున్నానో ఈ వేలిని అడుగు.”

పిచ్చుక సూది అందుకుంది. చేయి నిజంగానే వణికింది. తల్లి తన చేయి వేసి సాయం పట్టలేదు, ఊరికే పక్కన కూర్చుంది. నాలుగు కుట్లు పడ్డాయి, ఒకటి వదులుగా, ఇంకొకటి మరీ బిగువుగా. బైండింగు తెలిసిన ఎవరైనా చూస్తే నవ్వుతారు. తల్లి దానికి అలాగే జిగురు పూసి అట్ట వేసింది.

తర్వాతి సోమవారం తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి ట్రైనింగు సెంటరుకు వెళ్ళి తప్పు ఒప్పుకున్నారు. మొదటి నుంచి మళ్ళీ చేరమన్నారు, పిచ్చుక చేరింది. ఆ ఏడు పుస్తకాలూ ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో అందరికీ అందేలా ఉంటాయి. అందులో పనిపిల్ల కథ మాత్రం సరిగ్గా మూసుకోదు. ఆ వంకర కుట్ల వల్ల, ఎవరు చేతిలోకి తీసుకున్నా తనంతట తానే పదిహేనో పేజీ దగ్గర తెరుచుకుంటుంది. తల్లి దాన్ని ఇంతవరకూ విప్పి సరిచేయలేదు.