మొదటి గుక్క

దబ్! దబ్! దబ్!

ఫ్రీజర్ తలుపు మీద లోపలి నుంచి పిడిగుద్దులు.

"నాన్నా! తలుపు తియ్యి నాన్నా!"

హెడ్ వెయిటర్ రెండేసి మెట్లు దూకుతూ సెల్లార్‌లోకి దిగుతాడు. నల్లకోటు, మెడలో బో టై, చేతి మీద తెల్ల నాప్‌కిన్... ఆ వేషంతోనే పరిగెత్తుకొచ్చాడు. తలుపు హ్యాండిల్ పట్టుకుని లాగుతాడు.

రాదు!

దానికి కొత్త తాళం వేలాడుతోంది. పొద్దున లేదది.

"అంత గట్టిగా లాగకు. చెయ్యి బెణికితే వైన్ ఎవరు పోస్తారు?"

గిరుక్కున వెనక్కి తిరుగుతాడు.

వైన్ సీసాల అరల మధ్య స్టూలు మీద ఓ మనిషి కూర్చున్నాడు. బూడిదరంగు సూటు. ఒక చేతిలో తాళంచెవి. ఒళ్ళో పిస్తోలు. చెవిలో ఫోన్ తాలూకు చిన్న బుడిపె.

"ఎవడ్రా నువ్వు? అది నా కూతురు!"

"తెలుసు. స్వీట్లు చేసే అమ్మాయి. ఐస్‌క్రీమ్ కోసం లోపలికెళ్ళింది. నేను తలుపేశాను. పెద్ద కథేం లేదు."

"మైనస్ ఇరవై అందులో! ఒంటి మీద పల్చటి కోటు తప్ప ఏమీ లేదు..."

"అందుకే త్వరగా మాట్లాడుకుందాం. నీకు అరగంట టైముంది."

దబ్... దబ్... గుద్దుల్లో అప్పుడే బలం తగ్గుతోంది.

"ఏం కావాలి మీకు?"

తనకు తెలియకుండానే 'మీరు'లోకి దిగిపోయాడు. పిస్తోలు ముందు మర్యాద దానంతటదే వస్తుంది.

"పైన ఏడో టేబుల్. కిటికీ పక్కది. అది బుక్ చేసినవాడు డాక్టరు. రేపు కోర్టులో సాక్షి. మా సార్ కట్టిన బిల్డింగ్ కూలిందే... అందులో నలిగిన మేస్త్రీ ఒకడు చచ్చేముందు వాడికి అంతా చెప్పేశాడు. వాడి పేరూ, మొహమూ ఎవరికీ తెలియకుండా దాచారు. ఇవాళ ఇక్కడ భోజనం అన్న ముక్క ఒక్కటే బయటికొచ్చింది."

"అయితే?"

"ఆ టేబుల్ దగ్గర ముగ్గురు మగాళ్ళున్నారు. ముగ్గురిదీ ఒకే ఈడు. ఎవడు డాక్టరో నీకు తెలుసు. నాకు తెలియదు. నువ్వు వైన్ ముందు ఎవరికి పోస్తావు?"

హెడ్ వెయిటర్ ఫ్రీజర్ తలుపు వైపు చూస్తాడు.

"విందు ఇచ్చేవాళ్ళకి... కొంచెం. ఆయన రుచి చూసి బాగుందంటే, అప్పుడు మిగతావాళ్ళకి."

"అద్గదీ! ఎదురు మేడ మీద మావాడు తుపాకీతో ఉన్నాడు. కిరాయి మనిషి. వాడికి ఎవడు ఎవడో అక్కర్లేదు. మొదటి గుక్క ఎవడు తాగితే వాడే. నువ్వు చెయ్యాల్సింది రెండే పనులు. కిటికీ తెర పక్కకి లాగు. వైన్ పొయ్యి."

"నా వల్ల కాదు..."

సూటు మనిషి లేస్తాడు. నేల మీద డ్రైనేజీ జాలీ. తాళంచెవిని దాని మీద ఊపుతాడు.

"మావాడు ఫోన్ లైన్లోనే ఉన్నాడు. పైన ఎవడైనా లేచి పరిగెత్తినా, తెర మూసుకున్నా, ఇది ఇందులో పడుతుంది. ఆ తర్వాత తలుపు పగలగొట్టుకుంటావో, పోలీసుల్ని పిలుచుకుంటావో నీ ఇష్టం."

"మీ సార్‌కి చెప్పండి... కాళ్ళు పట్టుకుంటాను..."

సూటు నవ్వుతాడు.

"పైనే ఉన్నాడు, పట్టుకో. మూల టేబుల్లో చేప తింటున్నాడు. నలుగురూ చూస్తుండగా తింటే రేపు ఎవడూ వేలెత్తి చూపడు కదా! కానీ ఆయనకి చెప్పి లాభం లేదు. ఎక్కడ చేస్తున్నానో, ఎలా చేస్తున్నానో ఎప్పుడూ అడగడు. తెలుసుకోడు కూడా. పని అయిందా లేదా, అంతే."

దబ్...

ఒక్కటే గుద్దు. తర్వాత నిశ్శబ్దం.

"చిట్టీ!"

"...చలేస్తోంది నాన్నా..."

హెడ్ వెయిటర్ అరలోంచి ఓ సీసా లాగి మెట్లెక్కుతాడు.

* * *

పైన అంతా మామూలే!

కొవ్వొత్తులు. గంజి పెట్టిన తెల్ల టేబుల్ గుడ్డలు. గోడల మీద అరవై ఏళ్ళ నాటి నలుపు-తెలుపు ఫోటోలు. ట్రాలీ మీద చేపకి ముల్లు తీస్తున్న వెయిటర్. ఈ హోటల్లో పొద్దున మారేది పువ్వులొక్కటే అని కస్టమర్లు వేళాకోళం చేస్తుంటారు.

ఇరవై ఆరేళ్ళు! ఈ హాల్లో ఒక్క చుక్క సూప్ ఒలకనివ్వలేదు. ఇవాళ సీసా పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

గడియారం చూస్తాడు. ఎనిమిదీ పది. ఆరు నిమిషాలు అయిపోయాయి.

కిటికీ దగ్గరికి వెళ్ళి తెర లాగుతాడు. ఎదురు మేడ. మూడో అంతస్తులో ఒక కిటికీ చీకటిగా ఉంది. తెరిచి ఉంది.

"బాబాయ్ గారూ, కాస్త మా అమ్మకి చెప్పండి!"

ఏడో టేబుల్. డాక్టరు. నుదుటి మీద జుట్టు పల్చబడిన, నవ్వుమొహం మనిషి. టేబుల్ కోసం ఫోన్ చేసింది ఆయనే. వచ్చీరాగానే 'నేనే బుక్ చేశానండీ, అమ్మకి డెబ్భై నిండాయి' అని చెప్పిందీ ఆయనే. పక్కన తమ్ముడు. ఎదురుగా బావమరిది. భార్య. మధ్యలో పట్టుచీరలో ఆ అమ్మ.

"ఏం చెప్పాలండీ?" గొంతు తనది కానట్టుంది.

"మీ కుర్రాడు చీజ్ తురుముతూనే ఉన్నాడు బాబూ," అంటుంది ముసలావిడ. "ఆపడేమా అని నేను చూస్తున్నాను. ఈవిడ ఎంత తింటుందో అని వాడు చూస్తున్నాడు. చివరికి పళ్ళెం కనపడకుండా పోయింది!"

"చాలు అంటే తప్ప ఆపరమ్మా," డాక్టరు నవ్వుతాడు. "అది వీళ్ళ పద్ధతి."

"ముందే చెప్పొచ్చుగా! నోరు తెరిచి అడిగితే చిన్నతనమని ఊరుకున్నా."

టేబులంతా గొల్లుమంటుంది. హెడ్ వెయిటర్ కూడా నవ్వుతాడు. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో అతనికే అసహ్యం వేస్తుంది.

ఈ మనిషికా పోయాల్సింది? తల్లి కళ్ళ ముందు?

పోనీ తమ్ముడికి పోస్తే? బావమరిదికి? వాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు!

పొయ్యకపోతే... చిట్టి.

పన్నెండు నిమిషాలు.

చూపు మూల టేబుల్ మీదికి వెళుతుంది.

కాంట్రాక్టరు. సూటు చెప్పిన సార్ ఈయనే. ఒంటరిగా కూర్చుని తీరిగ్గా తింటున్నాడు. పదేళ్ళ నుంచి వారం తప్పకుండా వచ్చే కస్టమరు. వైన్ సంగతి తన నాలుకకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఓసారి సీసా చెడిందని హాలు మొత్తానికీ వినపడేలా తిప్పి పంపాడు. ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇప్పుడాయన ఏడో టేబుల్ వైపే చూస్తున్నాడు. ముగ్గురు మగాళ్ళనీ మార్చి మార్చి.

ఎవడో తెలుసుకోవాలని ఉంది ఆయనకి!

'ఎలా చేస్తున్నానో ఎప్పుడూ అడగడు...'

అంటే మొదటి గుక్క సంగతి ఆయనకీ తెలియదు!

హెడ్ వెయిటర్ ఏడో టేబుల్ దగ్గరే నిలబడి కార్క్ లాగుతాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. మొహం చిట్లిస్తాడు.

"ఒక్క నిమిషం సార్. ఈ సీసా మీద నాకు అనుమానంగా ఉంది."

"పర్లేదు బాబాయ్ గారూ, పొయ్యండి. మాకు అంత తేడా తెలీదు," అంటాడు డాక్టరు. గ్లాసు ముందుకు జరుపుతాడు.

"వద్దు సార్!"

గట్టిగా అనేశాడు. పక్క టేబుల్ వాళ్ళు తల తిప్పారు.

"అంటే... మా హోటల్ మాట పోతుంది సార్. మా దగ్గర ఓ పెద్దాయనున్నారు. ఆయన రుచి చూస్తే తిరుగులేదు. మీరు అనుమతిస్తే..."

"అయ్యో, తప్పకుండా!"

పద్నాలుగు నిమిషాలు.

మూల టేబుల్ దగ్గరికి ఎలా నడిచాడో తెలియదు. నడుం వంచుతాడు.

"సార్, ఓ చిన్న తగువు. ఈ సీసా చెడిందని నేనంటున్నాను. బాగానే ఉందని వాళ్ళంటున్నారు. మీరు తీర్చాలి."

"నేనా? ఇంకోటి తెరువు, పోతుంది."

"తెరవొచ్చు సార్. కానీ మీరుండగా నేను తప్పు చెప్పానంటే..." గొంతు తగ్గిస్తాడు. "పైగా వాళ్ళలో ఒకాయన పెద్ద డాక్టరు. మిమ్మల్ని పరిచయం చేస్తాను."

కాంట్రాక్టరు ఫోర్కు ఆగుతుంది.

"డాక్టరా? ఏ మనిషి?"

"రండి సార్. పక్కనే కూర్చోబెడతాను."

పులి నోట్లో తల పెట్టినట్టుంది హెడ్ వెయిటర్‌కి. ఒక్క క్షణం... రెండు...

కాంట్రాక్టరు మూతి తుడుచుకుంటాడు. లేస్తాడు!

జరగాల్సింది ఏదో రోడ్డు మీద, ఎప్పుడో రాత్రికి జరుగుతుందనుకుంటున్నాడు కాబోలు. రేపు ఉండని మనిషి మొహం ఇవాళ చూడాలన్న సరదా ఆయన కళ్ళలో స్పష్టంగా కనిపిస్తోంది. అది చూశాక హెడ్ వెయిటర్ చెయ్యి వణకడం మానేసింది.

కుర్చీ తెచ్చి వేస్తాడు. ముసలావిడకి దూరంగా. కిటికీకి ఎదురుగా.

"నమస్కారమండీ!" డాక్టరు చెయ్యి చాస్తాడు.

"నమస్కారం. మీరేనా డాక్టరుగారు?" కాంట్రాక్టరు ఆ చెయ్యి పట్టుకుని వదలడు. నవ్వుతూ మొహంలోకి చూస్తాడు. "ఆరోగ్యం జాగ్రత్తండీ. ఇతరుల్ని చూసుకునే వాళ్ళు తమని చూసుకోరు."

డాక్టరు తికమకగా నవ్వుతాడు.

హెడ్ వెయిటర్ వైన్ పోస్తాడు. గ్లాసు అడుగున రెండు వేళ్ళ మందం. పక్కకి జరుగుతాడు. ఒక అడుగు... రెండు...

కాంట్రాక్టరు గ్లాసు తిప్పుతాడు. వాసన చూస్తాడు. హాలంతా తనవైపే చూస్తోందా లేదా అని ఓ కంట గమనిస్తాడు.

గ్లాసు పెదవులకి ఆనిస్తాడు.

"దీనికేమైంది? బ్రహ్మాండంగా..."

ఠప్!

కిటికీ అద్దంలో చిన్న కన్నం!

కాంట్రాక్టరు తల వాల్చేస్తాడు. తెల్లగుడ్డ మీద వైన్, దాని వెనకే రక్తం పాకుతాయి.

కేకలు! కుర్చీలు పడుతున్నాయి. తమ్ముడు తల్లిని కిందికి లాగుతాడు. డాక్టరు మాత్రం పారిపోడు. నేల మీద పాకుతూ వచ్చి కాంట్రాక్టరు మెడ మీద వేళ్ళు పెడతాడు. గాయం అదిమి పట్టుకుంటాడు.

"ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి! పోలీసులకి!"

అది చూసి హెడ్ వెయిటర్‌కి ఏడుపొస్తుంది. ఏడవడానికి టైము లేదు.

పంతొమ్మిది నిమిషాలు.

* * *

"అయిపోయింది! తాళంచెవి!"

సెల్లార్‌లో సూటు అప్పటికే చెవిలోంచి బుడిపె తీసి జేబులో వేసుకుంటున్నాడు.

"మావాడూ అదే చెప్పాడు. ఒక్క గుండు." తాళంచెవి విసురుతాడు. "నేను మాట తప్పను."

తాళం. చేతులు జారిపోతున్నాయి. ఒకసారి... రెండోసారి... కటక్!

తెల్లటి పొగ బయటికొస్తుంది. దాని వెనక చిట్టి. గోడకి ఆనుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని... పెదవులు నీలంగా ఉన్నాయి.

"చిట్టీ! అమ్మా!"

కళ్ళు కదిలాయి. బతికే ఉంది!

బయటికి లాగి, కోటు విప్పి కప్పుతాడు. చేతులు రుద్దుతాడు. పాదాలు రుద్దుతాడు. ఒక్కగానొక్క కూతురు చల్లగా, బరువుగా ఒళ్ళోకి వాలుతుంది.

సూటు మెట్లెక్కుతూ సగంలో ఆగుతాడు.

"అవునూ, మా సార్ ఏమంటున్నాడు?"

హెడ్ వెయిటర్ తలెత్తడు.

"ఏమీ అనడం లేదండీ."

"అంతే!" సూటు నవ్వుతాడు. "ఆయనెప్పుడూ ఏమీ అనడు."

పిస్తోలు నడుం దగ్గర దోపుకుని పైకెళతాడు.

హెడ్ వెయిటర్ కూతుర్ని నేల మీద పడుకోబెట్టి లేస్తాడు. మెట్లు చప్పుడు కాకుండా ఎక్కుతాడు. పైన ఇనప తలుపు. మూస్తాడు. గడియ... బిగుసుకుపోయింది... రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి...

పడింది!

ఒకటి... రెండు... మూడు...

"సా-ర్!!"

హాల్లోంచి అరుపు. పరుగెత్తుకొస్తున్న బూట్లు. ఇనప తలుపు మీద పిడిగుద్దులు, ఇప్పుడు అవతలి వైపు నుంచి.

"తియ్యరా! తలుపు తియ్యి! చంపేస్తా నిన్ను!"

ఢాం! ఢాం!

ఇనుము మీద గుళ్ళు. తలుపు అదురుతుంది కానీ ఊడదు. ఎక్కడో సైరన్ మొదలవుతుంది. ఒకటి కాదు, రెండు మూడు. దగ్గరవుతున్నాయి.

హెడ్ వెయిటర్ కిందికొచ్చి కూతుర్ని గుండెలకి హత్తుకుంటాడు. చేతులు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి. ఈసారి ఆగేలా లేవు.

చిట్టి కళ్ళు తెరుస్తుంది. పళ్ళు టకటకలాడుతుంటే మాట కూడదీసుకుంటుంది.

"ఎవరు నాన్నా... పైన... అంత అరుస్తున్నారు?"

ఢాం!

"కస్టమరమ్మా," అంటాడు. "వడ్డించింది నచ్చలేదు."