ధైద్ తోటలో చిల్లుకాణీ

ఆదివారం పొద్దున్నే దయాకుమారి గారెలకు పప్పు రుబ్బుతోంది. దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఆ ఫ్లాటు వంటింటి కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగు ఏసీ పెట్టెలు తప్ప ఏమీ కనపడవు. పాలకొల్లు నుంచి కూతురి దగ్గరికి వచ్చి నాలుగు నెలలైనా ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో ఆమెకు తెలియదు. ఫేబా ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి వెళ్ళిపోతే ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. వార్తలు చదివే అమ్మాయికి ఒకటి రెండుసార్లు జవాబు కూడా చెప్పిందామె. తర్వాత తనకే సిగ్గేసింది.

ఫేబా గదిలోంచి బూట్లు వేసుకుని వచ్చింది. భుజాన పొడవాటి నల్ల సంచి ఉంది.

"ఈవేళ కూడానా?" అంది దయాకుమారి మిక్సీ ఆపి.

"మధ్యాహ్నానికి వచ్చేస్తానమ్మా."

"ఆరాధన కూడా మానేసి అంత తప్పని పనేంటే? జాయ్స్ గారు, వాళ్ళబ్బాయి నిన్ను చూడ్డానికి నాలుగింటికి వస్తామన్నారు. గుర్తుందా?"

"గుర్తుంది. వచ్చేస్తాను."

"ఎక్కడికెళ్తన్నావో చెప్పవు. సెలవొచ్చిందంటే చాలు, కారేసుకుని పోతావు. ముప్పై రెండేళ్ళొచ్చాయి నీకు. ఎవరైనా ఉంటే చెప్పు. నేనేమైనా కొడతానా?"

ఫేబా చిన్నగా నవ్వింది. "ఎవరూ లేరమ్మా," అని తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది. ఆ మాట నిజమేనని తల్లికి అనిపించలేదు.

ధైద్ ఊరు దాటాక మట్టి రోడ్డు చివర షహర్బాను వాళ్ళ తోట ఉంది. షహర్బాను ఫేబా వార్డుకి డయాలసిస్ కోసం వచ్చే ఈ దేశపు పెద్దావిడ. తను చిన్నప్పుడు పెరిగిన ఆ తోట ఇంటి గురించి, మంచం మీద ఉన్నంతసేపూ హిందీలో చెబుతూ ఉండేది. బావి నీళ్ళు ఉప్పు తేలిపోయాక అందరూ ఊళ్ళోకి వెళ్ళిపోయారు. ఖర్జూరపు చెట్లు ఎండి మోడులైపోయాయి. ఇంటి కప్పు సగం కూలింది. "అక్కడ మా అమ్మ వస్తువులు ఏవైనా మిగిలాయో లేదో, ఎవరూ చూడరు బేటీ," అని ఒకరోజు కళ్ళు తుడుచుకుంది. ఫేబా దుబాయ్ నైఫ్ బజారులో వెతికి ఒక పాత మెటల్ డిటెక్టరు కొనుక్కొచ్చింది. షహర్బాను కొడుకులు నవ్వి, గేటు తాళం చేతికిచ్చారు.

అప్పటి నుంచీ సెలవు రోజున ఆమె అక్కడే. ఇసుక మీద యంత్రాన్ని నెమ్మదిగా ఊపుకుంటూ నడుస్తుంది. అది కూయగానే కూర్చుని చిన్న పారతో తవ్వుతుంది. ఒక తుప్పు తాళం, దీపం మూత, గరిట కాడ, నాణేలు. దొరికినవన్నీ కడిగి షహర్బానుకి ఇస్తే, ఆవిడ ఒక్కొక్కటీ చెంపకి ఆనించుకుంటుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాటినా ఫేబా అక్కడి నుంచి లేవలేదు. గుమ్మం ముందు అరుగు మీద కూర్చుని ఎండిన చెట్లని చూస్తూ ఉండిపోయింది. అక్కడ ఫోనుకి సిగ్నలు రాదు.

జాయ్స్, ఆమె కొడుకు ప్రభుకిరణ్ నాలుగింటికే వచ్చారు. అతను జెబెల్ అలీలో ఒక కంపెనీలో అకౌంటెంటు. నెమ్మదస్తుడిలా ఉన్నాడు. గారెలు తిన్నారు, టీ తాగారు, గడియారం వంక చూశారు. "డ్యూటీలో ఏదో అర్జెంటు పడి ఉంటుంది లెండి," అని జాయ్సే సర్దిచెప్పింది. ఆ మంచితనం దయాకుమారిని మరీ కుంగదీసింది.

వాళ్ళు వెళ్ళిన చాలాసేపటికి ఫేబా వచ్చింది. జుట్టు నిండా దుమ్ము. గోళ్ళలో మట్టి.

"మర్చిపోయావా?"

"లేదమ్మా. గుర్తుంది. లేవాలనిపించలేదు."

దయాకుమారి విసురుగా వచ్చి ఆమె భుజం మీది సంచి లాగేసుకుంది. జిప్పు తీసింది. ఏ మగవాడి గుర్తులో దొరుకుతాయనుకున్న చేతికి ఒక ఇనపకర్ర, మట్టి కొట్టుకుపోయిన పార, బిస్కెట్ డబ్బా తగిలాయి. డబ్బా మూత తీస్తే తుప్పు ముక్కలు.

"ఏంటే ఇవి?"

ఫేబా చెప్పింది. తోట సంగతి, షహర్బాను సంగతి, తాళం సంగతి అంతా.

"పోలీసులు పట్టుకుంటేనో? నీ ఉద్యోగం, వీసా ఖలాస్!"

"వాళ్ళ సొంత తోటమ్మా. వాళ్ళే వెళ్ళమన్నారు. నేను ఆ గోడ దాటి ఎక్కడా యంత్రం పెట్టను."

దయాకుమారికి కోపం తగ్గలేదు. రెండేళ్ళుగా గొంతులో ఉన్న మాట బయటికి వచ్చేసింది.

"ఎవరిళ్ళో తవ్వడానికి నీకు తీరికుంది. మీ నాన్నని మట్టి చేసే రోజున మాత్రం రాలేకపోయావు."

కరోనా రెండో వేవ్‌లో తండ్రి విజయరత్నం భీమవరం ఆసుపత్రిలో పోయినప్పుడు ఇక్కడ ఫేబా వార్డులో ఒక్క మంచం ఖాళీ లేదు. సెలవు ఇవ్వలేదు. వెళితే తిరిగి రావడానికి విమానాలు లేవు. డిసెంబరులో గానీ ఇంటికి చేరలేదు. అవన్నీ తల్లికి తెలుసు.

"వచ్చాక ఏం చూశానమ్మా?" అంది ఫేబా. "బీరువా ఖాళీ. కొక్కేనికి చొక్కా లేదు. కళ్ళజోడు కూడా ఎవరికో ఇచ్చేశావు. హాల్లో ఫోటో తప్ప నాన్న అసలు ఆ ఇంట్లో ఉన్నట్టే లేదు. ఒక్కటంటే ఒక్కటి నాకోసం ఉంచలేకపోయావా?"

"వాటిని చూస్తూ ఆ ఇంట్లో నేనెలా ఉండనే?"

ఫేబా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తర్వాతి రోజులన్నీ ఇద్దరూ పక్కపక్క గదుల్లో అద్దెకున్న వాళ్ళలా గడిపారు. అన్నం గిన్నె బల్ల మీద ఉండేది. తిన్న గిన్నె కడిగి ఉండేది. ఒకరోజు ఫేబా గదిలో పక్క సర్దుతూ దయాకుమారి గోడ వైపు చూసింది. తండ్రి ఫోటో లేదు. వాళ్ళకున్న ఒక్క పెద్ద ఫోటో పాలకొల్లు హాల్లో ఉంది. దాన్నైనా కూతురికి ఇవ్వాలని తనకి ఎప్పుడూ తోచలేదు. మంచం అంచు మీద కూర్చుని, పక్క దుప్పటి చేత్తో నిమురుతూ, చాలాసేపు లేవలేకపోయింది.

మళ్ళీ సెలవు రోజు ఫేబా బూట్లు వేసుకుని వచ్చేసరికి తల్లి చీర మార్చుకుని, టిఫిన్ క్యారియర్ పట్టుకుని గుమ్మంలో ఉంది.

"ఎక్కడికమ్మా?"

"నువ్వెళ్ళే చోటికే."

తోట గేటు తీశాక దయాకుమారి చెప్పులతో ఇసుకలో తడబడుతూ నడిచింది. బావిలోకి తొంగి చూసింది. పడిపోయిన వంటింట్లో మసిబారిన గోడని చేత్తో తడిమింది.

"ఇక్కడ ఒక్కదానివీ ఏం చేస్తావే?"

"ఎవరో బతికిన ఇల్లు కదా. అరుగు మీద కూర్చుంటే లోపల మనుషులున్నట్టే ఉంటుంది. ఫ్లాటులో అలా ఉండదు."

"నేనొచ్చాక కూడానా?"

"నువ్వొచ్చాక కూడా మనం మాట్లాడుకోలేదు కదమ్మా."

దయాకుమారి తల దించుకుంది. "ఆ కర్ర ఇటివ్వు," అంది. ఫేబా ఎలా ఊపాలో చూపించింది. వంటింటి గడప పక్కన అది కుయ్యిమనేసరికి దయాకుమారి ఉలిక్కిపడి దాదాపు వదిలేసింది. ఇద్దరూ కూర్చుని తవ్వారు. పచ్చగా చిలుం పట్టిన బిళ్ళ ఒకటి బయటపడింది. మధ్యలో గుండ్రటి చిల్లు.

"ఓసి, చిల్లుకాణీ! మా నాయనమ్మ మా మొలతాళ్ళకి కట్టేది దీన్ని. ఇది ఈ ఎడారిలోకి ఎలా వచ్చిందే?"

"ఒకప్పుడు ఇక్కడ మన డబ్బులే చెల్లేవంట. షహర్బాను మామ్మ చెప్పింది."

దయాకుమారి నవ్వింది. దాన్ని చీరకొంగుతో తుడిచి కూతురి అరచేతిలో పెట్టింది. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నవ్వు మెల్లగా చెదిరిపోయింది.

"నీకో మాట చెప్పలేదే. నాన్న పోయిన రోజుది."

ఫేబా తలెత్తి చూసింది.

"నన్ను లోపలికి రానివ్వలేదు. గాజు తలుపు బయటే నిలబడ్డాను. అక్కడున్న సిస్టరు తర్వాత బయటికొచ్చి చెప్పింది. నీలాగే నిలువెల్లా ముసుగేసుకుని ఉందా పిల్ల. చివర్లో నాన్న ఆ పిల్ల చెయ్యి పట్టుకుని 'ఫేబా, వచ్చావా' అన్నారట. నువ్వే అనుకున్నారు."

"అమ్మా..."

"నా పేరు అనలేదే. ముప్పై మూడేళ్ళు కాపురం చేసినదాన్ని, తలుపవతలే ఉన్నాను. నిన్నే పిలిచారు. అది విన్నాక నీ మీద ఎంత కోపం వచ్చిందో! రానిదానివి నువ్వు, దగ్గరున్నది నేను. ఆ మాట నీకు చెప్పకూడదనుకున్నాను. ఆయన సామాన్లిచ్చేసినట్టు దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేకపోయాను. దాచుకున్నాను."

ఎండిన ఖర్జూరపు మోడుల మీదుగా గాలి వీచింది. ఫేబా తల్లికి దగ్గరగా జరిగింది.

"ఇంకేమైనా అన్నారా?"

"'అన్నం తిన్నావా అమ్మా' అని అడిగారట."

"ఆ సిస్టరు ఏమంది?"

"'తిన్నాను నాన్నా' అందట."

ఫేబా తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. దయాకుమారి ఊరుకోమనలేదు. కూతురి జుట్టులోంచి ఇసుక దులుపుతూ, నాన్నకి జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచీ అంతా చెప్పడం మొదలుపెట్టింది.