గుడ్డు పెట్టని పన్నెండు పెట్టలు

చ్వేలే సంతలో కోడిపిల్లలమ్మే మకోఖాకి నోరు తప్ప వేరే ఆస్తి లేదు. ఆ నోటితోనే ఓ రోజు రిస్పా ఇంటి ముందు నిలబడి, "అమ్మా, ఈ పన్నెండూ అయిదు నెలల్లో గుడ్లు పెట్టకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాడు.

బట్టలారేస్తున్న ఆమె కూతురు నాలియాకా కిసుక్కున నవ్వింది. మహానుభావుడు అక్కడే పడిపోయాడు.

అప్పటినుంచీ ప్రతి శనివారం సైకిలేసుకుని దిగబడేవాడు. ఓసారి టీకాలన్నాడు, ఓసారి నులిపురుగులన్నాడు. చూపులు కోళ్ళ మీద లేవని ఊరంతటికీ తెలుసు.

రిస్పాకి తెలియదా? వచ్చిన ప్రతిసారీ అతని చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేది. మా వైపు అత్త అల్లుడి కంటబడదు, చెయ్యి అసలే కలపదు. పక్కింటి ఎస్తేరు అల్లుణ్ణి చూస్తే చాలు, అరటిచెట్ల వెనక్కి పరుగు. మరి రిస్పా అలా చెయ్యి ఊపుతోందంటే, నువ్వు నా అల్లుడివి కావు నాయనా అని. ఆ సంగతి మకోఖాకి అర్థమై అన్నం సయించేది కాదు.

ఆరు నెలలు దాటాయి. ఒక్క గుడ్డూ లేదు.

"ఏమయ్యా, పెట్టలనే అమ్మావా, పుంజులనా?" అంది రిస్పా. "వచ్చే శనివారానికి గుడ్డు కనబడకపోతే నీ కోళ్ళను పట్టుకుపో. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు."

"పెడితే?"

"పెడితే నీతో పనేముంది?"

ఎటు చూసినా నాలియాకా దక్కేలా లేదు.

శనివారం వచ్చింది. మకోఖా పెరట్లో ఒక పెట్టను పట్టుకుని వెనక ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. మూడు వేళ్ళు పట్టాయి. అంటే గుడ్లు పెడుతున్న కోడే.

"ఇంకా రెండు వారాలు పట్టేలా ఉంది" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అబ్బో, డాక్టరు గారు చెప్పారు" అంది నాలియాకా. "పోయిన నెలా ఇదే మాట. సిగ్గు లేదా మీకు?"

"ఉంటే ఇన్నిసార్లు వస్తానా?"

ఆమె నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. సరిగ్గా అప్పుడే పొయ్యి పక్కనున్న పెట్ట లేచి, ఊరంతా వినబడేలా కొక్కొక్కో అని అరిచింది. కింద చిన్న గుడ్డు, ఇంకా వెచ్చగా.

ఇద్దరూ దాన్ని చూశారు.

"నాకు మూడు వారాల క్రితమే తెలుసు" అన్నాడు మకోఖా మెల్లగా. "చెబితే ఇక రానివ్వరని చెప్పలేదు."

"తెలిసే ఇన్నాళ్ళూ నాటకమాడావా? నేను గుడ్లు దాచలేక చస్తుంటే?"

మీరు కాస్తా నువ్వయిపోయింది. అతను గమనించాడు, ఆమె గమనించలేదు.

"ఎందుకు దాచావు?"

"గుడ్డు మీద ఈకలు పీకకు. నువ్వు రావడం మానేస్తావని దాచాను. చాలా?"

"చాలు" అంది వెనకనుంచి రిస్పా. చేతుల్లో మొక్కజొన్న బుట్ట, దాన్నిండా గుడ్లు. "కోళ్ళ తురాయిలు మిరపపళ్ళలా ఎర్రబడ్డాయంటే గుడ్లకొచ్చినట్టే, చూడ్డానికి నాకు కళ్ళు లేవనుకున్నారా? ఒకడికి అబద్ధం చెప్పడం రాదు, ఒకతెకి దాచడం రాదు. మంచి జోడీ."

బుట్ట కింద పెట్టింది. మకోఖా అలవాటుగా చెయ్యి చాచాడు. రిస్పా చెయ్యి వెనక్కి లాక్కుని, కొంగు మొహం మీదికి దించుకుని, గబగబా అరటిచెట్ల వెనక్కి వెళ్ళిపోయింది.

మకోఖా మొహం పాలిపోయింది. "అంత కోపమొచ్చిందా?"

"నీకు నోరే కానీ బుర్ర లేదు" అంది నాలియాకా. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎస్తేరు ఎవరిని చూసి పరిగెడుతుంది?"

అతను చాచిన చెయ్యి వంక చూసుకున్నాడు. దాన్ని దించడం కూడా మరిచిపోయాడు.

అరటిచెట్ల వెనకనుంచి రిస్పా గొంతు వినిపించింది. "ఒసే నాలియాకా, ఆ మనిషికి ఇవాళ్టి గుడ్డు ఉడకబెట్టి పెట్టు. మూడు వారాలవి పెట్టావంటే పెళ్ళికి ముందే పోతాడు."