రైలులోయలో పందెం

నందికొండకు ఇవతల, గుట్టల నడుమ రైలులోయ అని ఒక జాగా ఉంది. ఒకప్పుడు రాళ్లు మోసే రైలు కోసం అక్కడ గుట్టను నిలువునా చీల్చారట. రైలు పోయింది, పట్టాలు పీక్కుపోయారు, చెడ్డపేరు మాత్రం మిగిలింది. పొద్దుగూకాక అందులోకి పోయిన బండి దానంతట అదే ఆగిపోతుందని చెప్పుకుంటారు.

టూరిస్టులను పైకప్పు లేని జీపులో గుట్టలెక్కించే దశరథ్‌కు ఇదంతా నవ్వులాట. ఆయనకున్న భయమల్లా ఒక్కటే — భార్య కోమల. లైసెన్సు తెచ్చుకుని ఆరు నెలలుగా స్టీరింగు అడుగుతోంది. ఆ జీపు ఇంకొకరి చేతికివ్వాలంటే ఆయనకు ప్రాణం పోయినట్టుంటుంది మరి!

ఆ సాయంత్రం ఇద్దరూ జీపు వెనక పల్లికట్టె, అదే ఎండిన వేరుశనగ మేత, వేసుకుని ఇంటికి వస్తుంటే, వాగు పొంగి రోడ్డు మునిగింది. ఇక మిగిలింది లోయదారే.

"ఆగకుంట దాటిస్తవా?" అంది కోమల. "దాటిస్తే మళ్ల స్టీరింగు అడగ. ఆగినవో... రేపటిసంది నేనే నడుపుత."

"ఖుషీగ!" అన్నాడు దశరథ్.

రెండు పక్కలా నిటారు రాయి... చక్రాల కింద పాత కంకర కరకరమంటోంది... చీకటి చిక్కబడింది. సరిగ్గా నడుమకు వచ్చేసరికి —

ధబ్! జీపు వెనకభాగం కుంగింది.

మళ్లీ — ధబ్!

"కోమలా... ఎనక ఎవలన్న ఎక్కిన్రా?"

"నన్నడుగుతవేంది? తిరిగి చూడు..."

చూద్దామంటే మెడ తిరగలేదు. అంతలో ఆ మెడ మీదే వెచ్చటి ఊపిరి... ఆపైన ఒక తడి గడ్డం తగిలింది. దశరథ్ ఒక్కసారిగా బ్రేకు తొక్కేశాడు. బండి ఆగిపోయింది.

కోమల ఆయన్ని పక్కకు నెట్టి స్టీరింగు పట్టింది. ఫస్టు గేరులో, కంకర మీద ఎగిరెగిరి పడుతూ, జీపును లోయ దాటించేసింది.

బయటికొచ్చి టార్చి వేస్తే — గట్టు మీంచి దూకిన రెండు బలిసిన మేకపోతులు! పల్లికట్టె నములుతూ తీరిగ్గా చూస్తున్నాయి. కోమల కడుపు పట్టుకుని నవ్వింది. కిందికి దింపేస్తే అవి వచ్చిన దారినే పోయాయి.

దశరథ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు పౌరుషమూ లేచొచ్చింది.

"మేకలకు ఆగితే ఆగినట్టు గాదు. పందెం చెల్లదు. జర జరుగు, నేను నడుపుత."

కోమల ఏదో అనబోయింది. అంతలో ఖాళీ అయిన జీపు వెనకభాగంలో, పల్లికట్టె మీదినుంచి, ఎవరో మెల్లగా దగ్గారు.

"పిల్ల మంచిగనే నడుపుతాంది గద... ఆమెనే నడపనియ్యి బిడ్డా."