అర వేలు నీడ

మే నెలలో మిట్టమధ్యాహ్నం పటమటలో మేడ ఎక్కి నిలబడేవాళ్ళెవరూ ఉండరు. గంగాదేవి నాలుగేళ్ళుగా నిలబడుతోంది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుని ఇంటికెళ్ళి ఫ్యాను కింద కూర్చోక, ఈ గోల ఎందుకు నెత్తికెత్తుకుందో ఆవిడకే తెలియాలి. పూర్వం వాళ్ళు ఎండలో కర్ర నిలబెట్టి, నీడ కొలిచి, సూర్యుడి లెక్కలు కట్టేవారు. ఆ కర్రని శంకువంటారు. దాని లెక్క ఎంత కచ్చితమో తేల్చి చూపించాలని ఆవిడ పంతం.

కొండపల్లిలో బొమ్మలు చేసే వెంకటప్పయ్య చేత టేకుతో పన్నెండు వేళ్ళ వెడల్పంత ఎత్తున శంకువు చేయించింది. ఏడాది పొడుగునా కొలతలు చక్కగా కుదిరాయి. కుదరనిది ఒక్కటే. సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి, నీడ పూర్తిగా మాయమయ్యే నిమిషం. బెజవాడలో అది ఏడాదికి రెండుసార్లే వస్తుంది. ఆగస్టులోది ఎప్పుడూ మబ్బుల పాలే. మే మొదటి వారంలోదే గతి. మొదటి ఏడు గాలివాన. రెండో ఏడు కోతి వచ్చి శంకువు ఎత్తుకుపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది ఆవిడకి.

మూడో ఏడు గురించి ఆవిడ మాట్లాడదు.

ఆ రోజు పరీక్షల డ్యూటీ పడి, తనతో పనిచేసే మణికుమార్‌ని మేడ మీదికి పంపింది. బుగ్గలో ఎప్పుడూ ఒక యాలక్కాయ పెట్టుకుని తిరిగే మనిషి. అతను తెచ్చిన కొలత అర వేలు.

"సున్నా రావాల్సిన రోజు అర వేలు నీడ ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా? మెట్ల మీద కూర్చుని తోచింది రాశావా?" స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ కడిగేసింది.

"చూసిందే రాశాను మేడం. ఇంకో సంగతి... నాది..."

"ఇంకేం చెప్పొద్దు."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. 'కొలిచినవాడి అజాగ్రత్త' అని రిపోర్టు రాసి సంతకం పెట్టిందావిడ. మూడు వారాలకి గన్నవరం రోడ్డు మీద, పట్టపగలు, మణికుమార్ లారీ కింద పడి పోయాడు. నాకసలు మనిషే కనపడలేదండీ అని డ్రైవరు లబలబలాడాడట. దినాలయ్యాక అతని భార్య కృప కొలతల పుస్తకం తెచ్చిచ్చింది. "చివరి పేజీలు ఒకసారి చూడండి మేడం," అంది. గంగాదేవి చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

ఇప్పుడు నాలుగో ఏడు. ఈ ఒక్క కొలత లేకుండా మళ్ళీ పంపొద్దని పత్రిక వాళ్ళు వ్యాసం తిప్పి పంపారు. వచ్చే వారం కాలేజీ మేడ సెల్ టవర్ వాళ్ళ చేతికి పోతుంది. ఇవాళ తప్పితే నాలుగేళ్ళ చాకిరీ కృష్ణలో కలిసినట్టే.

ల్యాబ్ అటెండర్ నాగుల్ మీరా సున్నం కొట్టిన గచ్చు మీద రసమట్టం పెట్టి చూశాడు. దారానికి గుండు కట్టి శంకువు నిలువు చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. లెక్క ప్రకారం నీడ మాయమవ్వాల్సింది పన్నెండూ నాలుగుకి.

పదకొండూ యాభైకి నీళ్ళ ట్యాంకు నీడ గోడలోకి ముడుచుకుంది. పన్నెండుకి గొట్టం నీడ పోయింది. గంగాదేవి నీడ చెప్పుల కిందికి దూరింది. కింద రోడ్డు మీద ఆటోల మోత ఎప్పుడు ఆగిందో తెలీదు. కాకుల్లేవు. వేడికి సున్నం వాసన ముక్కులో మండుతోంది. దానిలోంచి ఇంకో వాసన...

"మీరా గారూ, యాలకులు నములుతున్నారా?"

"లేదు మేడం." ఆయన గొంతు బాగా తగ్గింది. "నాక్కూడా వస్తోంది."

పన్నెండూ నాలుగు. శంకువు పక్కన నీడ ఉంది. అర వేలు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. రసమట్టం లాక్కుని తనే పెట్టింది. మట్టం సరిగ్గానే ఉంది. గుండు దించింది. నిలువూ సరిగ్గానే ఉంది. నీడ కొస తన వైపు చూస్తోంది. లేచి అవతలి పక్కకి వెళ్ళింది. నీడ నెమ్మదిగా తిరిగి... మళ్ళీ తన వైపే.

"మణి సారు రాసింది నిజమే మేడం," మీరా గుసగుసగా అన్నాడు. "అదే రాసెయ్యండి. వదిలేద్దాం."

అది రాస్తే వ్యాసం పోయినట్టే. చచ్చిపోయినవాణ్ణి అన్యాయంగా అన్నానని ఒప్పుకున్నట్టు కూడా. ఆవిడ పెన్ను తీసి, కృప తెచ్చిచ్చిన ఆ కొలతల పుస్తకంలోనే గట్టిగా నొక్కి రాసింది. సున్నా.

శంకువు నీడ గచ్చులోకి ఇంకిపోయింది. మీరా వెనక్కి వెనక్కి జరిగాడు. మంచినీళ్ళు తెస్తానని మెట్లు దిగిపోయాడు.

గాలి లేదు. పుస్తకంలో పేజీలు కదిలాయి. ఒకటి... ఇంకొకటి... చివరి పేజీలు తెరుచుకున్నాయి. మణికుమార్ గుండ్రటి అక్షరాలు.

'12.20. శంకువు నీడ వచ్చింది. నాది రాలేదు.'

'12.49. రాలేదు.'

'4.10. రాలేదు. రేపు చూడాలి.'

మర్నాడు తారీకు. రాలేదు. ఆ మర్నాడు. రాలేదు. మధ్యలో ఒకచోట, 'బస్సు వాడు నన్ను చూడకుండానే పోనిచ్చాడు. మేడం గారికి చెప్పాలి.' ఇరవై ఒక్క రోజులు. ఆ తర్వాత కాగితం ఖాళీ.

రెండు నిమిషాలు చదివాననుకుని గంగాదేవి ఫోను చూసింది. 12.49. ట్యాంకు నీడ గోడ దాటి జానెడు వచ్చింది. గొట్టం నీడ వచ్చింది. శంకువు నీడ వచ్చింది.

తన కాళ్ళ దగ్గర తెల్లగా గచ్చు.

చెయ్యి చాపింది. కిందేమీ పడలేదు. ఒక కాలు ఎత్తింది... గచ్చు తెల్లగానే ఉంది. ఆదరాబాదరా పేజీ వెనక్కి తిప్పి, సున్నా కొట్టేసి, అర వేలు అని రాసింది. దాని కింద, మణికుమార్ తప్పు లేదు అని రాసింది. అక్షరాలు వంకర్లు పోయాయి. మళ్ళీ కిందికి చూసింది.

లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. నీళ్ళ సీసాతో మీరా పైకొచ్చాడు. ట్యాంకు వైపు చూశాడు. పిట్టగోడ వైపు చూశాడు.

"మేడం?"

"ఇక్కడే ఉన్నాను మీరా గారూ."

ఆయన కళ్ళు ఆవిడ మొహం మీదుగా జరిగి అవతలికి పోయాయి. తిన్నగా ఆవిడ మీదికే నడిచొచ్చాడు. ఆవిడే పక్కకి తప్పుకుంది. ఆయన వంగి, పుస్తకం తీసి, చివరి పేజీ చూసి, "యా అల్లా" అన్నాడు మెల్లగా.

ఇందాక ఖాళీగా ఉన్న కాగితం మీద, అవే గుండ్రటి అక్షరాలు.

'12.49. మేడం గారిది కూడా రాలేదు.'

దాని కింద రేపటి తారీకు వేసి ఉంది.