గుమ్మం బయట చెప్పులు

ఓడలో టిఫిన్ హాలు గుమ్మం పక్కన, ఎర్ర తివాచీ మీద ఒక జత అరిగిన చెప్పులు బుద్ధిగా కూర్చున్నాయి. వాటిని చూడగానే జాయ్సీకి ఒళ్లు మండింది. ఎవరివని అడగక్కర్లేదు. పెదపాడు నుంచి ఓడ దాకా వచ్చినా సరే, అత్తగారు పుష్పమ్మ అన్నం తినే చోటికి చెప్పులతో వెళ్లదు.

జాయ్సీ వట్లూరులో ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరరు. సెలవుల్లో తోటి లెక్చరరు గీతాంజలితో కలిసి ఈ ఓడ ప్రయాణం పెట్టుకుంటే, "అమ్మ సముద్రం మీదికి ఎప్పుడెళ్లింది? తీసుకెళదాం" అని భర్త ఆనంద్ పాల్ పట్టుబట్టాడు. తీరా ఓడెక్కాక వాంతులతో ఆయనే మంచం దిగడం లేదు.

చెప్పులు చూసి గీతాంజలి నవ్వింది. మామూలుగానే నవ్వింది పాపం. అదే జాయ్సీకి గుచ్చుకుంది.

"అత్తయ్యా, ఇక్కడెవరూ చెప్పులు విప్పరండీ! అందరూ మనల్నే చూస్తున్నారు. నా పరువు తీయకండి. ఇంకెక్కడా చెప్పులు బయట వదలొద్దు, చెబుతున్నాను."

"తెలీలేదమ్మా" అంటూ పుష్పమ్మ గబగబా లేచి వెళ్లి వేసుకొచ్చింది. ప్లేటులో ఇడ్లీ సగం అలాగే మిగిలిపోయింది.

మధ్యాహ్నం ఓడ శ్రీలంకలో గాల్ అనే పాత రేవు దగ్గర ఆగింది. ఊరి చుట్టూ రాతి కోటగోడ, గోడ కింద సముద్రం. ఒడ్డుకు చిన్న పడవల్లో తీసుకెళ్లారు. నాలుగింటికి ఆఖరి పడవ, అది తప్పితే ఓడ ఆగదని మైకులో మరీ మరీ చెప్పారు.

"అమ్మ చెయ్యి వదలకు జాయ్సీ. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడ ఫోనూ అక్కడ పనిచెయ్యదు" అన్నాడు బయల్దేరేముందు ఆనంద్ పాల్, మంచం మీంచే.

"నాకు తెలీదేంటండీ!" అని విసుక్కుంది.

తెలిసే వదిలేసింది. లేసు బట్టల షాపు ముందు అరుగు చూపించి, "ఇక్కడే కూర్చోండి అత్తయ్యా, ఇప్పుడే వచ్చేస్తాం" అని లోపలికెళ్లింది. బయటికొచ్చేసరికి అరుగు ఖాళీ.

ముందు కోపం వచ్చింది. సందు చివరి దాకా వెళ్లి చూశాక పరుగందుకుంది. మలుపులో తెల్లటి పాత చర్చి కనిపించింది.

"లోపల చూద్దామా?" అంది గీతాంజలి.

జాయ్సీ మెట్ల వైపు ఒక్క చూపు చూసింది. చెప్పులు లేవు. "అక్కర్లేదు. మా అత్తయ్య చెప్పులతో చర్చి గుమ్మం తొక్కరు. బయట లేవంటే లోపల లేనట్టే."

ఇద్దరూ కోటగోడ ఎక్కారు. అంచున పిట్టగోడ కూడా లేదు. ఒకచోట జనం మూగి కిందికి తొంగి చూస్తున్నారు. జాయ్సీ తోసుకుంటూ వెళ్లి చూస్తే నీళ్లలో తాబేలు! అక్కడే కూలబడిపోయింది.

ఫోను మోగింది. "అమ్మ ఎలా ఉంది? ఒకసారి ఇవ్వు."

"షాపులో ఉన్నారండీ, మళ్లీ చేస్తాను." అబద్ధం చెప్పి పెట్టేసింది. దేవుడా, పరాయి దేశంలో పెద్దావిడని పోగొట్టుకుని ఆయనకి ఏ మొహం చూపించాలి? ఊళ్లో ఏమని చెప్పాలి?

దూరంగా ఓడ కూత వేసింది.

"జాయ్సీ, ఏమనుకోకు" అంది గీతాంజలి మెల్లిగా. "పొద్దున్న నువ్వన్న మాటకి నొచ్చుకుని ఎటైనా వెళ్లిపోయారేమో?"

"నేనేమన్నాను?" అంది జాయ్సీ. అంతలోనే గుర్తొచ్చింది.

ఇంకెక్కడా చెప్పులు బయట వదలొద్దు.

ఇక ఆగలేదు. వచ్చిన దారినే పరుగెత్తింది. చర్చి మెట్ల దగ్గర, అంత తొందరలోనూ, బూట్లు విదిల్చి పడేసి లోపలికి దూసుకెళ్లింది.

నేలంతా పేర్లు చెక్కిన సమాధి రాళ్లు. ముందు బెంచీలో ముసుగేసుకుని పుష్పమ్మ. ఉత్త పాదాలు. చెప్పులు చేతిరుమాల్లో మూటగట్టి ఒళ్లో పెట్టుకుంది.

"అత్తయ్యా!"

పుష్పమ్మ ఉలిక్కిపడి లేచింది. "వచ్చేశావా అమ్మా? చర్చి కనబడితే, అబ్బాయికి వాంతులు తగ్గాలని రెండు మాటలు ప్రార్థన చేసుకుందామని వచ్చాను. కళ్లు మూసుకుంటే టైమే తెలీలేదు." కోడలి కళ్లు మూట మీద ఆగడం చూసి కంగారుపడింది. "బయట వదల్లేదమ్మా! ఎవరూ చూళ్లేదులే. సమాధుల మీద చెప్పులతో ఎలా నడుస్తాను చెప్పు?"

జాయ్సీ అత్తగారిని వాటేసుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

"అయ్యో, ఏమైందమ్మా? అబ్బాయికి బానే ఉందా?"

"ఆయనకి బానే ఉందండీ. నాకే బాలేదు. నన్ను క్షమించండి అత్తయ్యా."

బయట గీతాంజలి పడవకి టైమైపోతోందని కేకలేస్తోంది. గుమ్మం దగ్గర పుష్పమ్మ ఆగిపోయింది. మెట్ల మీద కోడలి బూట్లు ఒకటి అటు, ఒకటి ఇటు పడి ఉన్నాయి.

"అదేంటమ్మా, నువ్వే వదిలేశావు? ఓడలో వాళ్లు చూస్తే?"

"చూడనివ్వండి" అంది జాయ్సీ. మూట విప్పి, చెప్పులు అత్తగారి పాదాల ముందు పెట్టి, పట్టుకోమని తన భుజం ఇచ్చింది.